మిద్దె మీద పెట్టె బిగించే ముందు: టోకెన్లతో నడిచే నెట్‌వర్కులను పరీక్షించే పద్ధతి

మా బావగారికి నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో రొయ్యల చెరువులు ఉన్నాయి. కిందటేడు ఒక ఏజెంటు వచ్చి, మిద్దె మీద చిన్న రేడియో పెట్టె బిగించుకుంటే చుట్టుపక్కల సెన్సర్ల సమాచారం దాని మీదుగా వెళ్తుందనీ, అందుకు ప్రతిఫలంగా రోజూ టోకెన్లు (అమ్ముకోగలిగే డిజిటల్ నాణేలు) జమ అవుతాయనీ, ఏ కంపెనీ గుప్పిట్లోనూ లేని ఇంటర్నెట్ ఇదేననీ చెప్పి వెళ్లాడు. "నమ్మొచ్చా బావా?" అని ఆయన అడిగినప్పుడు మేమిద్దరం కూర్చుని ఏ వరుసలో పరిశీలించామో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి బేరం ఒంగోలులోనో కావలిలోనో మీ గడప తొక్కినా ఈ వరుస పనికొస్తుంది.

ముందుగా వికేంద్రీకరణను, అంటే పెత్తనం ఒక్కరి చేతిలో లేకపోవడాన్ని, టోకెన్‌ను విడదీసి చూడాలి. జనం కంప్యూటర్ల మధ్య నేరుగా ఫైళ్లు పంచుకోవడానికి 2001లో వచ్చిన బిట్‌టొరెంట్ సుమారు 18 ఏళ్లు ఏ టోకెనూ లేకుండానే నడిచింది. 2018లో చేతులు మారాక, 2019లో దానికి టోకెన్ తగిలించారు. ఎవరు ఏం చూస్తున్నారో బయటపడకుండా దాచే టార్ నెట్‌వర్కు నేటికీ స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి కంప్యూటర్ల మీదే నడుస్తోంది. కాబట్టి టోకెన్ తీసేస్తే ఈ సేవలో ఏది ఆగిపోతుందని అమ్మడానికి వచ్చినవారినే అడగండి. తొలి రోజుల్లో పెట్టెలు కొనేవారికి ఆశ చూపడానికే టోకెన్ పెట్టామని చెబితే అది నిజాయితీ గల జవాబే, అయితే దాంతో పని పూర్తి కాదు.

అసలు తేల్చుకోవలసింది, సేవను వాడుకునేవారు ఎంత కడుతున్నారన్నది. దీనికి కాగితం, పెన్సిలు చాలు. ఈ రకం నెట్‌వర్కుల్లో పేరున్న హీలియం 2019లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో మొదలైంది. సెన్సర్ల సమాచారానికి అది ప్రకటించిన ధర ప్రకారం 24 బైట్లకు ఒక డేటా క్రెడిట్, ఒక్కో క్రెడిట్‌కు 0.00001 డాలరు. చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్ పది నిమిషాలకోసారి 24 బైట్ల లోపు సందేశం పంపుతుందనుకుంటే రోజుకు 144, ఏడాదికి 52,560 సందేశాలు అవుతాయి. వాటి ఖరీదు అర డాలరు పైచిలుకు, అంటే నలుగురు టీ తాగితే అయ్యే ఖర్చు. వంద చెరువుల్లో వంద సెన్సర్లు దించినా ఏడాదికి 53 డాలర్లు దాటవు. ఆ పెట్టె ఒక్కటే 2021 ప్రాంతంలో 400 నుంచి 500 డాలర్లు పలికింది. మెలిక ఇక్కడే ఉంది: సెన్సర్ పెట్టుకునే రైతుకు ఈ చవక వరం, పెట్టె కొన్నవాడికి మాత్రం అదే గండం. పెట్టుబడి వెనక్కి రావాలంటే కొత్తగా పుట్టించే టోకెన్లను ఇంకొకరు మంచి ధరకు కొంటూ ఉండాలి. హీలియం టోకెన్ 2021 నవంబరులో 50 డాలర్లు దాటి, సంవత్సరం తిరిగేసరికి అందులో తొంభై శాతానికి పైగా పోగొట్టుకుంది. రేడియోలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి కాబట్టి దాన్ని బూటకం అనను. సాంకేతికత నిజం కావడం వేరు, రాబడి నిజం కావడం వేరు.

తరువాత, పెద్ద ఖాతాదారుల పేర్లు చూపిస్తే ఆ ఖాతాదారులనే అడిగి నిర్ధారించుకోవాలి. నెస్లే, సేల్స్‌ఫోర్స్, లైమ్ తమ నెట్‌వర్కును వాడుతున్నాయని చెప్పి మదుపరులను తప్పుదోవ పట్టించిందన్న ఆరోపణతో, హీలియం వెనుక ఉన్న నోవా ల్యాబ్స్ మీద అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ (అక్కడి షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ) 2025 జనవరిలో దావా వేసింది. ఏప్రిల్‌లో 2 లక్షల డాలర్ల చెల్లింపుతో రాజీ కుదిరింది.

ప్రాజెక్టు తన పథకాన్ని వివరిస్తూ విడుదల చేసే వైట్‌పేపర్‌లో టోకెన్ల పంపిణీ పట్టిక సాధారణంగా ఉంటుంది. వ్యవస్థాపకులకు, తొలి మదుపరులకు ఎంత వాటా వెళ్లిందో, దాన్ని వారు ఎప్పటి నుంచి అమ్ముకోవచ్చో చూడండి. నియమాలు మార్చే తాళాలు నలుగురైదుగురి దగ్గరే ఉంటే వికేంద్రీకరణ పేరుకే. ఆలస్యాన్ని మాత్రం వెంటనే మోసమనుకోవద్దు: 2017లో 25 కోట్ల డాలర్లకు పైగా సేకరించిన ఫైల్‌కాయిన్ (జనం కంప్యూటర్లలో ఫైళ్లు దాచే టోకెన్ నెట్‌వర్కు) అసలు నెట్‌వర్కును 2020 అక్టోబరులో గాని తెరవలేదు, కానీ తెరిచింది.

మన చట్టాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2022 ఏప్రిల్ నుంచి టోకెన్ల లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఒకదాని నష్టాన్ని ఇంకొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. 2022 జులై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా కోస్తున్నారు. మీ బ్రాడ్‌బ్యాండ్‌ను అపరిచితులకు పంచే యాప్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే వాళ్లు చేసే పనులన్నీ మీ కనెక్షన్ పేరిటే నమోదవుతాయి. ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బావగారు ఏజెంటు దగ్గర పెట్టె కొనలేదు. హీలియం సెన్సర్లు వాడే లోరా (తక్కువ కరెంటుతో దూరం వెళ్లే) రేడియో పద్ధతిలోనే, టోకెన్ల ప్రసక్తి లేకుండా 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ద థింగ్స్ నెట్‌వర్క్ ఉందని తెలిశాక, సెన్సర్ల సమాచారాన్ని ఇంటర్నెట్‌కు చేర్చే గేట్‌వే పెట్టె సొంతంగా కొని మోటారు షెడ్డు మీద బిగించుకున్నారు. దాని నుంచి ఒక్క రూపాయి కూడా రాదు. తెల్లవారుజామున మూడింటికి డీఓ నాలుగు కంటే కిందికి దిగితే మాత్రం ఆయన ఫోను మోగుతుంది, టార్చిలైటు పట్టుకుని, నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేయడానికి వెళ్తారు.