ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో విమానానికి అసలైన మెరుపు ఎలా తేవాలి

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ (ఎఫ్‌ఎస్‌ఎక్స్) గేమ్‌లో విమానానికి రీపెయింట్, అంటే కొత్త రంగుల డిజైన్, చేసేటప్పుడు రంగులకీ లోగోకీ రోజులు రోజులు పెడతాం, తీరా సిమ్‌లో చూస్తే విమానం ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. చాలాసార్లు తేడా రంగులో ఉండదు, ఆల్ఫా ఛానెల్‌లో ఉంటుంది, అంటే విమానం మీద పరిచే టెక్స్చర్ బొమ్మ ఫైల్‌లో రంగులతో పాటు ఉండే నలుపు తెలుపు పొరలో. అంతకుముందు వెర్షన్ ఎఫ్‌ఎస్ 2004లోనూ, 2006లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లోనూ చాలా మోడల్స్‌కి రిఫ్లెక్షన్ ఎంత ఉండాలో చెప్పేది ఇదే. తెలుపు అంటే మెరుపు లేదు, నలుపు అంటే అద్దం, మధ్యలో బూడిద రంగు ఎంత ముదిరితే అంత మెరుపు.

ముందు ఒరిజినల్ టెక్స్చర్ ఫోల్డర్‌ని కాపీ చేసి పక్కన పెట్టండి, ఇది మాత్రం మానొద్దు. తర్వాత ఫైల్‌ని డీఎక్స్‌టీబీఎంపీ అనే టెక్స్చర్ టూల్‌లో తెరిచి ఆల్ఫాని ఎడిటర్‌కి పంపండి, ఫొటోషాప్ అయినా జింప్ అయినా పర్లేదు. ఎఫ్‌ఎస్‌ఎక్స్ టెక్స్చర్లు వాడే డీడీఎస్ ఫైల్స్ తలకిందులుగా ఉంటాయి, కంగారుపడొద్దు, సేవ్ చేసేటప్పుడు కూడా అలాగే తలకిందులుగా ఉండాలి.

ఇక అసలు పని. మొత్తానికి ఒకటే బూడిద రంగు పోసేస్తే ఆ ప్లాస్టిక్ లుక్ మళ్ళీ వచ్చేస్తుంది, అందుకే ఏ భాగం దేంతో చేసిందో చూసుకుంటూ వెయ్యాలి. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు అనుకుంటే, పెయింట్ వేసిన బాడీకి నేను 210 నుంచి 230 మధ్య పెడతా, పాలిష్ చేసిన అల్యూమినియం అయితే 80 నుంచి 120 దాకా దించుతా. టైర్లూ, కాక్‌పిట్ అద్దాల ముందుండే నల్ల యాంటీ గ్లేర్ ప్యానెలూ పూర్తి తెలుపే, పైలట్ కళ్ళలో వెలుగు కొట్టకుండా వేసిన రంగు కదా అది, మెరిస్తే అర్థమే లేదు. పక్కపక్క ప్యానెల్స్‌కి ఐదారు పాయింట్లు తేడా ఇవ్వండి, ప్యానెల్ గీతలు కాస్త తెల్లగా ఉంచండి, ఇంజిన్ వెనక మసి పట్టే చోట మెత్తటి బ్రష్‌తో తెలుపు తిప్పండి. పాత లోహపు విమానాలకి ప్రాణం వచ్చేది ఇక్కడే, నేనైతే ఎక్కువ టైమ్ దీనికే ఇస్తా.

సేవ్ చేసేటప్పుడు డీఎక్స్‌టీ1 ఫార్మాట్ వద్దు, అందులో ఆల్ఫాకి ఒక్క బిట్టే, అంటే పూర్తి నలుపో పూర్తి తెలుపో తప్ప మధ్య షేడ్స్ ఉండవు. డీఎక్స్‌టీ3లో 16 మెట్లే ఉంటాయి కాబట్టి మెల్లగా మారే షేడ్స్ చారలు చారలుగా కనిపిస్తాయి, డీఎక్స్‌టీ5 అయితే నున్నగా వస్తుంది.

సిమ్‌లో చూస్తే బాడీ గుండా అవతలివి కనిపిస్తున్నాయా? ఆ మోడల్ ఆల్ఫాని పారదర్శకత కోసం వాడుతోందన్నమాట, అక్కడ ఒరిజినల్ ఆల్ఫానే తిరిగి పెట్టెయ్యండి. అసలేమీ మారకపోతే పేరు చివర స్పెక్ అని ఉన్న ఫైల్ ఆల్ఫా కూడా ఒకసారి చూడండి, కొన్ని మోడల్స్ మెరుపుని అక్కణ్ణుంచి తీసుకుంటాయి. కంట్రోల్స్‌లో విమానాన్ని రీలోడ్ చేసే కమాండ్‌కి ఒక కీ పెట్టుకుంటే ప్రతిసారీ సిమ్ మూసి తెరవక్కర్లేదు, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి టైమ్ మార్చి చూసుకుంటూ సరిచేసుకోవచ్చు.