కిడ్నీ మార్పిడి రోగి రక్తంలో వైరస్‌ల కోసం సీక్వెన్సింగ్: ట్యూబు నుంచి రిపోర్టు దాకా

కిడ్నీ మార్పిడి అయిన రోగికి జ్వరం తగ్గడం లేదు, లేదా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) పెరుగుతోంది. ముందు చేయాల్సింది సీఎంవీ (సైటోమెగలో వైరస్), బీకే వైరస్‌ల పీసీఆరే, అంటే ఒక్కో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికి కొలిచే పరీక్ష. అవి నెగటివ్ వచ్చి, కారణం ఇంకా తేలకపోతే అప్పుడు మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్, అంటే నమూనాలో ఉన్న జన్యుపదార్థమంతా చదివి ఏ వైరస్ ఉందో వెతకడం.

ఈ వరుస ఎందుకో లెక్క వేసి చూడండి. బీకే జీనోమ్ (మొత్తం జన్యుపదార్థం) సుమారు 5,100 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), సీఎంవీది దాదాపు 2,35,000. ఒక మి.లీ. ప్లాస్మాలో రెండూ వెయ్యి కాపీల చొప్పున, రోగి సొంత డీఎన్‌ఏ 10 నానోగ్రాములు ఉన్నాయనుకుందాం. యంత్రం చదివే చిన్న డీఎన్‌ఏ ముక్కలను రీడ్‌లు అంటారు. కోటి రీడ్‌లలో సీఎంవీవి 250 దాకా వస్తాయి, బీకేవి ఐదారు. ఇది కాగితం మీది లెక్క, బెంచి మీద ఇంకా తగ్గుతుంది. బీకే విషయంలో ఆ వెయ్యి కాపీలు చిన్న సంఖ్య కాదు. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు ఆ హద్దు దాటితే ఇమ్యునోసప్రెషన్ (రోగనిరోధక శక్తిని అణిచే) మందులు తగ్గించే ఆలోచన చేస్తారు. అందుకే క్రమం తప్పని స్క్రీనింగ్‌కు పీసీఆర్‌ను మించింది లేదు. రీడ్‌ల సంఖ్య చూసి ‘ఈ వైరస్ ఎక్కువ, అది తక్కువ’ అని ఎప్పుడూ రాయకండి.

రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి. హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లోపు ప్లాస్మా వేరుచేయండి: సెంట్రిఫ్యూజ్‌లో 1,600 జీ (గురుత్వానికి అన్ని రెట్ల బలం) దగ్గర పది నిమిషాలు, పై ద్రవాన్ని కొత్త ట్యూబులోకి తీసి 16,000 జీ దగ్గర మరో పది నిమిషాలు. ఆలస్యమైతే తెల్లకణాలు పగిలి మానవ డీఎన్‌ఏ ముంచెత్తుతుంది, వైరస్ రీడ్‌లు అందులో మునిగిపోతాయి. చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఒకే ట్యూబును పదేపదే కరిగించవద్దు.

డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండింటికీ లైబ్రరీ (యంత్రం చదవడానికి సిద్ధం చేసిన ముక్కల సముదాయం) చేయాలి. డీఎన్‌ఏ ఒక్కటే చేస్తే హెపటైటిస్ ఈ లాంటి ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు దొరకవు. నమూనాలో ఎంఎస్2 ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే ఆర్‌ఎన్‌ఏ వైరస్) కొద్దిగా కలపండి. చివర్లో అది కనిపించకపోతే ఆర్‌ఎన్‌ఏ పని ఎక్కడో దెబ్బతిన్నట్టే, అలాంటప్పుడు ‘నెగటివ్’ అనడానికి వీల్లేదు. నీళ్ల కంట్రోల్‌ను (నమూనా బదులు నీళ్లు పెట్టినది) ఎక్స్‌ట్రాక్షన్ (జన్యుపదార్థాన్ని వేరుచేయడం) నుంచే పక్కన నడపండి, ఎందుకంటే కిట్లలోనే సూక్ష్మజీవుల డీఎన్‌ఏ ఉంటుంది. పక్క నమూనాలో సీఎంవీ బాగా ఎక్కువగా ఉంటే దాని రీడ్‌లు ఇటు దూకుతాయి. ప్రతి ముక్కకు రెండు వైపులా ప్రత్యేక ఇండెక్సులు (ఏ నమూనాదో చెప్పే గుర్తులు) వాడితే ఇది చాలావరకు ఆగుతుంది.

విశ్లేషణలో మానవ రీడ్‌లు తీసేశాక రీడ్ ఏ జీవిదో గుర్తించే క్రాకెన్2 లాంటి ప్రోగ్రామ్ ఇచ్చే పేర్లను అలాగే నమ్మకండి. ఆ రీడ్‌లను వైరస్ జీనోమ్ మీద పరిచి చూడండి. కనీసం మూడు వేర్వేరు చోట్ల పడితే నమ్మొచ్చు. అన్నీ ఒకే చోట కుప్పపడితే అది డూప్లికేట్ (ఒకే ముక్క నకళ్లు) కావచ్చు, మానవ డీఎన్‌ఏ పోలిక కావచ్చు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. టార్క్ టెనో వైరస్ ఈ రోగుల్లో దాదాపు అందరిలో కనిపిస్తుంది. ఇమ్యునోసప్రెషన్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. జ్వరానికి అది కారణం కాదు. హెచ్‌హెచ్‌వీ-6 (ఒక రకం హెర్పెస్ వైరస్) రీడ్‌లు దాని జీనోమ్ అంతటా సమంగా, ఎక్కువగా వస్తే మందు మొదలుపెట్టే ముందు ఆగండి. సుమారు నూటికి ఒకరిలో ఆ వైరస్ పుట్టుకతోనే క్రోమోజోమ్‌లో కలిసి ఉంటుంది. వెంట్రుక కుదురు పరీక్షిస్తే తేలిపోతుంది. దాతకు అలా ఉంటే వచ్చిన కిడ్నీలోనూ ఉంటుంది, అప్పుడు రోగి వెంట్రుక ఏమీ చెప్పదు.

దొరికిన వైరస్‌ను దాచిపెట్టిన ప్లాస్మా మీద పీసీఆర్‌తో నిర్ధారించాకే రిపోర్టు ఇవ్వండి. పీసీఆర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన కొట్టిపారేయకండి. బీకే సబ్‌టైప్ 3, 4లలో ప్రైమర్ (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) కూర్చునే చోట తేడాలుంటే కొన్ని పీసీఆర్‌లు తక్కువ చూపిస్తాయి. సీక్వెన్స్‌ను ప్రైమర్ పక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది.

సీఎంవీలో సీక్వెన్సింగ్‌కు ఇంకో పని ఉంది. సీఎంవీ మందు గాన్‌సైక్లోవిర్‌ను పూర్తి మోతాదులో రెండు వారాలు ఇచ్చినా వైరల్ లోడ్ దిగకపోతే, ముఖ్యంగా మొత్తం మీద ఆ మందు ఆరు వారాలకు పైగా వాడి ఉంటే, మందుకు లొంగని మార్పులు వచ్చే యూఎల్97, యూఎల్54 అనే వైరస్ జీన్లను చదివించండి. లోడ్ మి.లీ.కు వెయ్యి యూనిట్లకు పైన ఉన్నప్పుడు పంపితేనే ఫలితం నమ్మదగ్గది. పాత సాంగర్ సీక్వెన్సింగ్ పద్ధతికి మ్యుటేషన్ వైరస్‌లో 20 శాతం దాకా ఉంటే గానీ కనిపించదు, కొత్త పద్ధతికి 5 శాతం చాలు. మార్పు యూఎల్97లో మాత్రమే ఉంటే ఫాస్కార్నెట్ అనే మరో మందు సాధారణంగా పనిచేస్తుంది. కానీ అది కిడ్నీకే హాని చేసే మందు కాబట్టి, రిపోర్టు చేతికి రాగానే నెఫ్రాలజిస్టుకు ఫోన్ చేసి చెప్పండి.