పాత తెలుగు బ్లాగు లంకె తెరుచుకోకపోతే

2013కి ముందు దాచుకున్న బుక్‌మార్కుల ఫైలు ఏ పాత హార్డ్ డిస్కులోనో బయటపడుతుంది. ఆశగా ఒక్కో లంకె నొక్కితే చాలావరకు తెరుచుకోవు. కానీ వాటిలో నిజంగా పోయినవి మనం అనుకున్నన్ని ఉండవు. కొన్నిటికి చిరునామా మారి ఉంటుంది, కొన్నిటికి చివర అనవసరపు తోక తగిలి ఉంటుంది. టపా (పోస్టు) ఉండి బొమ్మలు మాత్రమే మాయమైనవీ ఉంటాయి. ఏది ఏ రకమో తేల్చుకుని, దొరికినదాన్ని మళ్లీ చేజారకుండా దాచుకునే పద్ధతి ఇది.

ఇందులో చిరునామాలన్నీ తెలుగు లిపిలో రాశాం. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిషు అక్షరాలే కొట్టాలి, మధ్యలో ఖాళీ వదలకూడదు.

ముందు ఫైలు సంగతి

ఏ లంకే నొక్కకముందు ఫైలుకి ఒక నకలు తీసి పక్కన పెట్టండి. సవరణలన్నీ నకలులోనే.

లంకెలను నెట్‌లో దాచుకునే డెలిషస్ అనే సైటు 2003లో మొదలైంది. 2005 డిసెంబరులో యాహూ కొన్నది, 2011లో చేతులు మారింది, 2017లో అలాంటిదే మరో సైటు పిన్‌బోర్డ్ కొని కొత్త లంకెలు చేర్చే వీలు లేకుండా చదవడానికి మాత్రమే ఉంచింది. అక్కడి నుంచి అప్పట్లో దించుకున్న ఫైలైనా, బ్రౌజరు ఎగుమతి చేసినదైనా నెట్‌స్కేప్ అనే పాత బ్రౌజరు నాటి హెచ్‌టీఎంఎల్ పద్ధతిలోనే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రతి పద్దులోనూ చిరునామా, చేర్చిన తేదీ, శీర్షిక కనిపిస్తాయి. డెలిషస్ ఫైలైతే ట్యాగులు, మీరు రాసుకున్న వివరణ కూడా ఉంటాయి.

తేదీ పది అంకెల సంఖ్యగా ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క అది. 1199145600 అని ఉంటే 2008 జనవరి 1, మన టైములో ఉదయం 5:30. ఎక్సెల్‌లో ఆ సంఖ్యను 86400తో భాగించి, 25569 కలిపి, ఆ గడిని తేదీగా మారిస్తే సరి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పోయిన పేజీని వెతికేటప్పుడు చిరునామా తర్వాత అంత పనికొచ్చేది ఈ తేదీయే.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డెలిషస్ ఫైలును క్రోమ్‌లోకి దిగుమతి చేసి, కొన్నాళ్లకు అక్కడి నుంచి మళ్లీ ఎగుమతి చేస్తారు. క్రోమ్ బుక్‌మార్కులకు ట్యాగులు లేవు, వివరణకు చోటూ లేదు. రెండూ చడీచప్పుడు లేకుండా పోతాయి. ఫైర్‌ఫాక్స్ ట్యాగులు ఉంచుతుంది గానీ వివరణల గడిని అదీ ఎప్పుడో ఎత్తేసింది. కాబట్టి అసలు ఫైలును పారెయ్యకండి.

ఒక లంకెను విప్పి చూద్దాం

ఫైలులో ఇలాంటిది ఉందనుకుందాం:

ఫలానాబ్లాగు.బ్లాగ్‌స్పాట్.ఇన్/2012/05/బ్లాగ్-పోస్ట్_17.హెచ్‌టీఎంఎల్?ఎం=1

కుడి వైపు నుంచి రండి. ‘?ఎం=1’ అంటే ఎవరో ఫోన్లో చూస్తూ పంపిన లంకె. కొట్టెయ్యండి. ‘షోకామెంట్’, ‘యూటీఎం_సోర్స్’, ‘ఎఫ్‌బీక్లిడ్’ అంటూ వచ్చే తోకలూ అంతే. బ్లాగ్‌స్పాట్ టపాల్లో ప్రశ్నార్థకం దగ్గర్నుంచి మొత్తం తీసేసినా నష్టం లేదు. ఒకే ఒక్క టపా ఫైలులో మూడు నాలుగు సార్లు కనబడటానికి కారణం చాలాసార్లు ఈ తోకలే. వర్డ్‌ప్రెస్ విషయంలో మాత్రం చూసి తియ్యండి. ‘?పి=123’ అని ఉంటే ఆ అంకే టపా చిరునామా, అది తీస్తే ముఖపేజీకి పోతారు.

తర్వాత ‘బ్లాగ్-పోస్ట్_17’. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే దాన్ని చిరునామాగా మార్చడం బ్లాగ్‌స్పాట్‌ను నడిపే గూగుల్ సేవ బ్లాగరుకు చేతకాదు. అందుకే ‘బ్లాగ్-పోస్ట్’ అని పేరు పెట్టి, అదే నెలలో మరోటి వస్తే వెనక ఒక అంకె తగిలిస్తుంది. ఫలితంగా వేల తెలుగు టపాలకు ఒకే పేరు. చిరునామా చూసి అది వంట టపానో, పుస్తక సమీక్షో చెప్పలేం. ముందు ఇంగ్లిషు శీర్షికతో ప్రచురించి, వెంటనే తెలుగులోకి మార్చే చిట్కా అప్పట్లో బ్లాగు రాసేవాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడైతే టపా రాసే చోటే పక్కన పర్మాలింక్ గడిలో మనకు కావలసిన పేరు ఇచ్చుకోవచ్చు, ప్రచురించకముందే ఇవ్వాలి.

‘2012/05’ టపా వచ్చిన నెల. దాచుకున్న తేదీ లేకపోయినా ఇది సాయం చేస్తుంది.

అసలు జబ్బు ‘.ఇన్’ దగ్గరుంది. 2012లో గూగుల్ బ్లాగ్‌స్పాట్ పాఠకులను వాళ్లున్న దేశపు చిరునామాకు మళ్లించడం మొదలుపెట్టింది. ఇండియాలో ఏ బ్లాగు తెరిచినా చివర .ఇన్ అయ్యేది. మనం అదే కాపీ చేసుకుని దాచుకున్నాం. 2018లో ఆ మళ్లింపు ఆపేశారు. 2020కల్లా బ్లాగ్‌స్పాట్.ఇన్ అనే డొమైనే గూగుల్ చేతిలోంచి జారిపోయింది. బ్లాగు మాత్రం .కామ్ మీద నిక్షేపంలా ఉంటుంది. లండన్ నుంచి వచ్చిన లంకెకు .కో.యూకే, సిడ్నీ నుంచి వచ్చినదానికి .కామ్.ఏయూ, టొరంటో నుంచి వచ్చినదానికి .సీఏ ఉంటాయి. ఏదున్నా .కామ్ చెయ్యండి.

ఫైలంతటికీ ఒకేసారి మార్చాలంటే నోట్‌ప్యాడ్‌లో ‘బ్లాగ్‌స్పాట్.ఇన్’ వెతికి ‘బ్లాగ్‌స్పాట్.కామ్’ అని రీప్లేస్ చెయ్యండి. ఉత్త ‘.ఇన్’ ఇచ్చారో, మామూలు భారతీయ సైట్లతో పాటు ‘.ఇన్ఫో’ చిరునామాలూ పాడవుతాయి. మార్చకుండా .ఇన్ లంకెలను గుంపుగా తెరవడం కూడా మంచిది కాదు. ఆ డొమైను ఇప్పుడు గూగుల్‌ది కాదన్నది గుర్తుంచుకోండి.

వర్డ్‌ప్రెస్‌లో తెగిన లంకెలు

వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను అలాగే చిరునామాలో పెడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కాపీ చేస్తే శాతం గుర్తుల వరద. ఒక్కో తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో (కంప్యూటరు అక్షరాలను భద్రపరిచే పద్ధతి) మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు, వెరసి తొమ్మిది. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘కృష్ణా’ అని రాస్తే క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం: ఆరు తొమ్ములు యాభై నాలుగు. వర్డ్‌ప్రెస్ పరిమితి 200. అంటే ఇరవై రెండు గుర్తుల దగ్గర శీర్షిక తెగిపోతుంది. అది మామూలే, అలా తెగినా లంకె పనిచేస్తుంది.

చిక్కు ఎక్కడంటే, పాత మెయిళ్లలో ఇంత పొడుగు లంకె రెండు వరుసలుగా విరిగి, మొదటి వరుస మాత్రమే నీలంగా మారేది. అదే దాచుకుని ఉంటారు. రెండో ముక్క దొరికితే ఖాళీ లేకుండా అతికించండి. దొరక్కపోతే చివర్లో సగంలో ఆగిన అక్షరాన్ని కొట్టేసి, పూర్తిగా ఉన్న తొమ్మిది గుర్తుల దగ్గర ఆపి ప్రయత్నించండి. చిరునామా మొదలు సరిపోతే మిగతాది వర్డ్‌ప్రెస్ చాలాసార్లు తనే ఊహించి టపాకు చేరుస్తుంది.

సరిచేసినా రాకపోతే

వచ్చే సందేశం చదవండి. బ్లాగు ఉంది, టపా లేదు అంటే రచయిత మార్చి ఉండొచ్చు. బ్లాగు చిరునామా వెనక ‘/సైట్‌మ్యాప్.ఎక్స్ఎంఎల్’ అని కొడితే బ్లాగులో ఉన్న టపాల చిరునామాలన్నీ వస్తాయి. ‘/2012/05/’ అని కొడితే ఆ నెల టపాలు వస్తాయి. బ్లాగు ఆహ్వానితులకే అంటే రచయిత కావాలనే తలుపు వేసుకున్నారు, తెలిసినవారైతే అడగండి. లేదంటే దాన్ని వదిలెయ్యడమే మర్యాద. బ్లాగ్‌స్పాట్ చిరునామా కొడితే సంబంధం లేని జూదపు సైటు వస్తోందా? రచయిత ఒకప్పుడు సొంత డొమైను తగిలించుకుని, తర్వాత రుసుము కట్టడం మానేశారన్నమాట. టపాలు లోపల భద్రంగానే ఉండొచ్చు. రచయిత లాగిన్ అయి సెట్టింగ్స్‌లో కస్టమ్ డొమైను తీసేస్తే పాత చిరునామా మళ్లీ పనిచేస్తుంది. ఆ పని పాఠకుడి చేతిలో లేదు.

బ్లాగే తీసేశారంటే మిగిలిన దారి పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్. ‘వెబ్.ఆర్కైవ్.ఆర్గ్/వెబ్/’ తర్వాత సంవత్సరం, ఒక ఏటవాలు గీత (/), ఆపైన పాత చిరునామా ఇవ్వండి. 2008 అని ఇస్తే ఆ కాలానికి దగ్గరలో ఉన్న కాపీ తెరుస్తుంది. సంవత్సరం బదులు నక్షత్రం గుర్తు పెడితే కాపీలన్నీ క్యాలెండరులో కనిపిస్తాయి. అన్నిటికన్నా కొత్త కాపీ తెరవడం తప్పు. అది బ్లాగు పోయాక తీసిన ఖాళీ పేజీయే కావచ్చు. మీ ఫైలులోని తేదీకి దగ్గరగా, దాని తర్వాత ఉన్నది తెరవండి.

టపా పేజీకి కాపీ లేకపోతే నిరాశపడొద్దు. ఆ రోజుల్లో చాలా బ్లాగులు ముఖపేజీలోనే టపాలు పూర్తిగా చూపించేవి, నెలవారీ పేజీల్లో నెలంతా ఒకచోట ఉండేది. అందుకే ఈ వరుసలో వెతకండి: టపా, ముఖపేజీ, నెల పేజీ, ఫీడు (కొత్త టపాలు వరుసగా చేరే ఫైలు). నెల పేజీకి పాత బ్లాగ్‌స్పాట్‌లో ‘2006_05_01_ఆర్కైవ్.హెచ్‌టీఎంఎల్’ అనే రూపం ఉండేది, దాన్నీ ప్రయత్నించండి. ఫీడు ‘/ఫీడ్స్/పోస్ట్స్/డీఫాల్ట్’ దగ్గర ఉంటుంది. ఇక్కడ .కామ్ చిరునామాతో పాటు .ఇన్ చిరునామాతోనూ వెతకాలి. 2012-18 మధ్య ఆర్కైవు ఏది పట్టుకుందో చెప్పలేం. వ్యాఖ్యలు కావాలంటే మాత్రం టపా పేజీ దొరకాల్సిందే.

చిరునామా కూడా గుర్తు లేకపోతే, కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినుల ముఖపేజీలను వేబ్యాక్‌లో ఆ నెలకు తెరిచి చూడండి. కొత్త టపాల లంకెలు అక్కడ వరుసగా ఉండేవి. గుర్తున్న ఒక్క శీర్షికతో బ్లాగు పేరు పట్టుకోవచ్చు.

తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తే

మూడు రకాలు, మూడూ వేరు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే పాఠ్యం క్షేమం, మీ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదు. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిషు ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు పదేపదే వస్తుంటే యూటీఎఫ్-8ని వేరే పద్ధతిలో చదువుతున్నారు. తెలుగు అక్షరాల మొదటి రెండు బైట్లు అలా కనబడతాయి. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. డేటా ట్యాబులో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చి, ఫైల్ ఆరిజిన్‌గా 65001 ఎంచుకోండి. ఇక వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే ఎవరో ఆ ఫైలును తెలుగు పట్టని పాత పద్ధతి ఏఎన్‌ఎస్‌ఐలో భద్రపరిచారు. ఆ అక్షరాలు పోయినట్టే, పాత నకలు వెతుక్కోవాలి.

బొమ్మలు

బ్లాగ్‌స్పాట్ బొమ్మ చిరునామాలో ‘/ఎస్320/’ లేదా ‘/ఎస్400/’ అని ఉంటుంది. అంకె తీసి సున్నా పెట్టండి, ‘/ఎస్0/’. ఎక్కించిన సైజులో బొమ్మ వస్తుంది. ‘/ఎస్1600-హెచ్/’ అని ఉన్న పాత లంకెలు బొమ్మను కాక బొమ్మ ఉన్న పేజీని తెరుస్తాయి. వాటిని అలాగే దించుకుంటే ఫోల్డరులో హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు మిగులుతాయి. ఫోటోబకెట్‌లో పెట్టి బ్లాగులో అతికించిన బొమ్మల గతి వేరు. 2017లో ఉచిత ఖాతాల బొమ్మలు బయటి సైట్లలో కనిపించకుండా ఆపేశారు.

బ్లాగు మీదే అయితే

ఈ పని ఇవాళే చెయ్యండి. రెండేళ్లు ముట్టుకోని గూగుల్ ఖాతాలను తొలగించవచ్చన్న నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఖాతాలోని సమాచారాన్ని దించుకునే గూగుల్ టేకవుట్‌లో ముందు ‘డీసెలెక్ట్ ఆల్’ నొక్కి, బ్లాగరు ఒక్కదానికే టిక్ పెట్టండి. లేకపోతే మెయిళ్లు, ఫోటోలతో కలిసి పెద్ద మూట వస్తుంది. వచ్చిన జిప్పులో ‘ఫీడ్.ఆటమ్’ ఫైలులో టపాలు, వ్యాఖ్యలు ఉంటాయి. వర్డ్‌ప్రెస్.కామ్‌లో టూల్స్, ఎక్స్‌పోర్ట్. అక్కడి ఎక్స్ఎంఎల్ ఫైలులో బొమ్మల చిరునామాలే ఉంటాయి, బొమ్మలు ఉండవు. మీడియా లైబ్రరీని విడిగా దించుకోవాలి.

గూగుల్ ఖాతాలో, వాడకం ఆగిపోతే ఎవరికి తెలియజేయాలో చెప్పే ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ తెరిచి ఇంట్లోవాళ్ల మెయిలు ఇచ్చిపెట్టండి. 3 నుంచి 18 నెలల దాకా గడువు, పది మంది వరకు పేర్లు ఇవ్వొచ్చు. పెద్ద వయసు బ్లాగరి ఎవరైనా మీకు తెలిస్తే పక్కన కూర్చుని ఇది చేయించండి.

ఇకముందు దాచే తీరు

ఒక్క చిరునామా దాచితే చాలదు. శీర్షిక, రచయిత బ్లాగులో వాడిన పేరు, టపా తేదీ, టపాలోంచి యథాతథంగా ఒక వాక్యం కూడా ఉండాలి. ఆ వాక్యం ఎందుకంటే, బ్లాగు వేరే చోటికి మారినా దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది. ‘బ్లాగ్-పోస్ట్_17’ని అలా వెతకలేం. పేజీ మొత్తం కావాలంటే సింగిల్‌ఫైల్ అనే బ్రౌజరు పొడిగింపు బొమ్మలతో సహా ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా భద్రపరుస్తుంది. వ్యాఖ్యలు ముడుచుకుని ఉంటే ముందు తెరిచి, అప్పుడు నొక్కండి. అదే చిరునామాను వేబ్యాక్ ‘సేవ్ పేజ్ నౌ’లో కూడా వేస్తే మిగతావాళ్లకూ మిగులుతుంది.

ట్యాగుల్లో ఒక పేరుకి ఒకే రూపం పెట్టుకోండి. హైదరాబాదు, హైదరాబాద్ యంత్రానికి రెండు ఊళ్లు. కంటికి కనబడని తేడా ఇంకోటుంది: ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే శూన్యపు గుర్తు ఉంటుంది. ఒకసారి దానితో, ఒకసారి అది లేకుండా కొడితే సగం లంకెలు ఒక ట్యాగు కింద, సగం మరో ట్యాగు కింద చేరతాయి. ట్యాగును ప్రతిసారీ కొట్టకుండా, సూచనగా వచ్చే జాబితా నుంచే ఎంచుకోండి. పిన్‌బోర్డ్‌లో ట్యాగుల మధ్య ఖాళీయే హద్దు, కాబట్టి ‘పుస్తక సమీక్ష’ రెండు ట్యాగులవుతుంది. ‘పుస్తక_సమీక్ష’ అని కలిపి కొట్టాలి.

దించుకున్న ప్రతి ఫైలునూ అప్పుడే ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మీ చివరి టపాలోని ఏదైనా తెలుగు మాట కోసం వెతకండి. తర్వాత మొట్టమొదటి టపాలోని మాట కోసం వెతకండి. రెండూ దొరికాకే పాత కంప్యూటరును తుడిచెయ్యండి.