కువైట్‌లో జుమ్మా (శుక్రవారం) సెలవు: కడప నుంచి కొత్తగా వెళ్లినవాళ్లకు

"కడప ఎండ తిన్నోళ్లం, మాకు ఎండ కొత్తా?" అనే ధీమాను విమానం ఎక్కకముందే ఇక్కడ వదిలేయండి. మే నెలలో 44 డిగ్రీలకే మనం తలుపులు మూసుకుంటాం. అక్కడ జూలైలో 48 మామూలే. 2016 జూలై 21న అక్కడి మిత్రిబా అనే చోట 53.9 నమోదైంది. మన దగ్గర మిద్దె మీద నీళ్లు చల్లి పడుకుంటే తెల్లారుజామున కాస్త చల్లగాలి వస్తుంది, అక్కడ వేసవి రాత్రికి అదీ ఉండదు.

సెలవు అడగడానికి మొహమాటం వద్దు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లకు వారానికి ఒక రోజు సెలవు ఉంది. ఏ ఇంట్లో ఏ రోజు ఇస్తారో ముందే మాట్లాడుకోండి. బయల్దేరే ముందు ఎక్కడికి పోతున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో మామాకో (ఇంటి యజమానురాలు) బాబాకో (ఇంటి యజమాని) చెప్పి, అదే మాట వాట్సాప్‌లోనూ పెట్టండి. చెప్పకుండా పోయి ఆలస్యమైతే, పని వదిలి పారిపోయారని ఫిర్యాదు ఇచ్చే వీలుంది. అది మెడకు చుట్టుకుంటే విడిపించుకోవడం చాలా కష్టం.

బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు, జేబులో లేకుండా గేటు దాటొద్దు. డబ్బు చిల్లరగా పెట్టుకోండి. దినారుకు 1000 ఫిల్సులు. పావు దినారు నోటు చూసి పావలా అనుకోకండి, అది మన లెక్కలో 60 రూపాయలకు పైమాటే. ట్యాక్సీ లైసెన్సు లేని సొంత కార్లలో "రా అన్నా, దింపేస్తా" అని పిలిచేవాళ్లు మనవాళ్లయినా సరే, ఎక్కొద్దు. పట్టుబడితే ఇద్దరికీ చిక్కే.

ఇక వేళలు. జూన్‌లో 5 గంటల లోపే పొద్దు పొడుస్తుంది. సముద్రం ఒడ్డు, 1979లో తెరిచిన కువైట్ టవర్స్ చూడాలంటే 6కి బయల్దేరి 9కల్లా నీడకు చేరండి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పనులను ఆ ప్రభుత్వమే ఆపిస్తుంది. పనికే పనికిరాని వేళ షికారుకు ఎట్లా పనికొస్తుంది? పైగా వేసవిలో జుమ్మా నమాజు వేళ 12కు కొంచెం ముందే మొదలవుతుంది, ఆ పొద్దున చాలా అంగళ్లు మూసే ఉంటాయి. నమాజుకు పోయేవాళ్లు ముందుగా పోండి. మసీదు నిండితే బయట ఎండలో కూర్చోవాల్సి వస్తుంది. మిగతావాళ్లు కువైట్ సిటీలోని మాలియా దగ్గర మనవాళ్ల హోటల్లో అన్నం తిని, ఏసీ ఉన్నచోట సాయంత్రం దాకా ఉండిపోవడం మేలు. ఆ తర్వాత ముబారకియా సూక్, అంటే పాత బజారు. ఖర్జూరం, అత్తరు, చీరల బట్ట అన్నీ అక్కడే. చెప్పిన ధర మీద కొంచెం బేరమాడొచ్చు.

దాహం వేసేదాకా ఆగొద్దు. బయట ఉన్నంతసేపు పావు గంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు. లీటరు నీళ్లకు 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తల చదునుగా కొలిచి, కలిపి తీసుకుపోండి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే. ఆగస్టులో తూర్పు దక్షిణం నుంచి వచ్చే తేమగాలికి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజు 40 డిగ్రీలు కూడా 48 కన్నా ప్రమాదమే. ఎవరైనా తికమకగా మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే 112కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

బట్టలు వదులుగా, పలచటి నూలువి. ఆడవాళ్లకు నిండు చేతుల చుడీదారు, చున్నీ చాలు. మగవాళ్లు సూక్‌కు నిక్కరు వేసుకుపోకపోవడమే మర్యాద. ఆడవాళ్లను, పోలీసులను, ప్రభుత్వ భవనాలను ఫోటో తీయొద్దు. రంజాన్‌లో పగటిపూట బయట తింటే, తాగితే, సిగరెట్ కాలిస్తే 100 దినార్ల దాకా జరిమానా లేదా నెల దాకా జైలు. ఇది ముస్లిం కానివాళ్లకూ వర్తిస్తుంది, నీళ్ల సీసా కూడా నలుగురిలో ఎత్తకూడదు.

ఇంటికి ఫోన్ చేసేముందు రెండున్నర గంటలు కలుపుకోండి. మీకు రాత్రి 8 అయితే కడపలో అమ్మకు పదిన్నర.