ఎల్‌ఎల్‌ఎంలో జ్యూరిస్‌ప్రుడెన్స్‌: బట్టీ పట్టకుండా చదవడం ఎలా?

బెంగళూరులో ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) చేరిన మన తెలుగు పిల్లలు మొదటి నెలలోనే అడిగేస్తారు, జ్యూరిస్‌ప్రుడెన్స్‌కి, అంటే అసలు చట్టమంటే ఏమిటని తర్కించే సబ్జెక్టుకి, ఏ గైడ్ కొనమంటారు అని. ఏదీ కొనకండి. గైడ్ నిండా ఉండేది చట్టమంటే పాలకుడి ఆజ్ఞేనన్న ఆస్టిన్ ఇలా అన్నాడు, ఇంకో సిద్ధాంతకర్త కెల్సన్ అలా అన్నాడు, దాని మీద నాలుగు విమర్శలు, అంతే. ఎల్‌ఎల్‌బీలో దాంతో గట్టెక్కి ఉంటారు, ఇక్కడ కుదరదు, ఎందుకంటే పీజీలో ఎవరు ఏమన్నారన్నది ఎలాగూ తెలుసనుకునే మొదలుపెడతారు, వాళ్లలో ఎవరి వాదన నిలబడుతుంది, ఎందుకు నిలబడుతుంది అన్నది మీరు తేల్చాలి.

కాబట్టి పేర్లు కాసేపు పక్కన పెట్టి ఒక ప్రశ్న పట్టుకోండి. ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కుకి వెళ్లండి. ఆ రోజు లోపలి రోడ్ల మీద బండ్లు తిరగనివ్వరు. ఇంగ్లండ్ న్యాయ తత్వవేత్త హెచ్‌.ఎల్‌.ఎ. హార్ట్ 1958లో రాసిన వ్యాసంలో ఉదాహరణ దాదాపు ఇదే: పార్కులోకి వాహనాలు తేకూడదని ఒక రూలుంది. కారు వాహనమే, డౌట్ లేదు. మరి సైకిలో? బొమ్మ కారో? ప్రతి మాటకీ అందరూ ఒప్పుకునే అర్థం ఒకటుంటుంది, దాని అంచుల్లో మసక ఉంటుంది, ఆ మసకలో జడ్జి తానే నిర్ణయించుకోవాలి అంటాడు హార్ట్. అమెరికన్ లా ప్రొఫెసర్ లాన్ ఫుల్లర్ అదే ఏడాది జవాబిచ్చాడు: రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన ట్రక్కుని, నడిచే కండిషన్‌లో ఉన్నదాన్నే, స్మారకంగా దిమ్మె మీద నిలబెడితే రూలు తప్పినట్టేనా? ట్రక్కు నూటికి నూరుపాళ్లూ వాహనం కదా, అక్కడ మసకేమీ లేదు, అయినా రూలు దేనికోసం పెట్టారో చూడకుండా తేల్చలేం. పార్కు పక్కనే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం దగ్గర మారుత్ యుద్ధవిమానం నిలబెట్టి ఉంటుంది. దాని ముందు నిలబడి ఇద్దరు ఫ్రెండ్స్ చెరో పక్షం తీసుకుని అరగంట వాదించుకోండి, నిజంగానే చెబుతున్నాను, గైడ్‌లోని యాభై పేజీలు అంత పని చేయవు.

ఆ రెండు వ్యాసాలూ 1958 హార్వర్డ్ లా రివ్యూలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, కలిపితే 80 పేజీలు. ముందు అవి చదివి, తర్వాత హార్ట్ 1961లో రాసిన ‘ది కాన్సెప్ట్ ఆఫ్ లా’ తెరవండి. 2 నుంచి 4 అధ్యాయాల్లో ఆస్టిన్‌ని విప్పి చూపిస్తాడు, 5, 6 అధ్యాయాల్లో తన సొంత సిద్ధాంతం కట్టుకుంటాడు, 7లో మళ్లీ ఆ పార్కు దగ్గరికొస్తాడు. మొదటిసారి హైలైటర్ ముట్టుకోకుండా చదివేయండి. రెండోసారి ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో ఒక్క ముక్క రాయండి: ఇది ఈయన మాటా, లేక పడగొట్టడానికి ముందు పెట్టుకున్న ఎదుటివాళ్ల మాటా? ఇది అస్సలు వదలొద్దు. ఇలాంటి రచయితలు ఎదుటివాళ్ల వాదనని చాలా బలంగా, తమదేనేమో అన్నట్టు చెబుతారు, తొందరలో చదివినవాళ్లు దాన్నే రచయిత అభిప్రాయమని పరీక్షలో రాసేస్తారు.

ఇంగ్లిష్ బరువుగా ఉంటే భయపడాల్సిందేం లేదు. చదివింది రూమ్మేట్‌కి తెలుగులో చెప్పండి. చెప్పలేకపోతున్నారంటే అర్థం కాలేదని, ఆ పేజీకి వెనక్కి వెళ్లండి.

ఇప్పుడు కేసులు. సిద్ధాంతం పక్కన కేసు పెట్టుకోకపోతే నెల తిరక్కుండానే మర్చిపోతారు. 1889లో న్యూయార్క్‌లో రిగ్స్ వర్సెస్ పామర్: ఆస్తిలో ఎక్కువ భాగం తనకి రాసిన తాతని మనవడే విషం పెట్టి చంపాడు. వీలునామా పక్కాగా ఉంది, హంతకుడికి ఆస్తి రాకూడదని చట్టంలో ఎక్కడా లేదు, అయినా కోర్టు ఇవ్వలేదు, తన తప్పు వల్ల ఎవరూ లాభపడకూడదంది. ఈ కేసు పట్టుకునే అమెరికన్ న్యాయ తత్వవేత్త రోనాల్డ్ డ్వార్కిన్, చట్టమంటే రూల్స్ మాత్రమే కాదు, సూత్రాలు కూడా అని హార్ట్ మీదికొచ్చాడు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, మీరు ఆపొద్దు. 1924లో కెంచవ్వ వర్సెస్ గిరిమల్లప్పలో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకి లండన్‌లోని ఆఖరి కోర్టు) కూడా న్యాయం, సమత, మనస్సాక్షి ఆధారంగా హంతకుడికి వారసత్వం రాదంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 25 వచ్చాక అదే సూత్రం రాతపూర్వకమైన రూలు అయింది. మరి 1924లో అది చట్టమేనా, లేక జడ్జీల నైతికతా? ఈ ఒక్క ప్రశ్న మీద పది పేజీలు రాయగలిగితే సగం సిలబస్ మీ చేతిలో ఉన్నట్టే.

ఇంకొకటి 1976 నాటి సుప్రీంకోర్టు కేసు, ఏడీఎం జబల్పూర్. ఎమర్జెన్సీలో అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకెళ్లే హక్కు లేదని నలుగురు జడ్జీలన్నారు, హెచ్‌.ఆర్‌. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణనిచ్చే ఆర్టికల్ 21 లేకపోయినా చట్టం అనుమతి లేకుండా ప్రాణాన్నీ స్వేచ్ఛనీ తీసే అధికారం ప్రభుత్వానికి ఉండదన్నది ఆయన వాదన. 2017లో సుప్రీంకోర్టే పుట్టస్వామి తీర్పులో ఆ మెజారిటీ మాటని కొట్టేసింది. ఖన్నా డిసెంట్‌ని, అంటే విభేదిస్తూ రాసిన తీర్పుని, సారాంశంలో కాదు, పూర్తిగా చదవండి, కాస్త మెల్లగా చదవండి. చదువుతూ ఆయన సహజ చట్టం (నేచురల్ లా, మనుషులు చేసిన చట్టానికి పైన నీతి ఉందనే వాదం) వైపు ఉన్నారా, లేక పాజిటివిస్టు (చట్టం వేరు, నీతి వేరు అనే హార్ట్ లాంటివాడు) కూడా ఒప్పుకోగలిగే దారిలోనే నడిచారా అని గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. నాకైతే రెండోదే ఎక్కువ అనిపిస్తుంది. మీకు వేరేలా అనిపిస్తే ఏ పేరా వల్లో చూపించగలగాలి.

డిసర్టేషన్ సంగతి: ‘రాల్స్, భారత రాజ్యాంగం, న్యాయం’ లాంటి టాపిక్ తీసుకుంటే ఏడాదిలో తేలదు. చిన్నది తీసుకోండి. 1967 గోలక్‌నాథ్ కేసులో మన రాజమండ్రి బిడ్డ, చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు, ప్రాథమిక హక్కులు తగ్గించే సవరణలు చేసే అధికారం పార్లమెంటుకి లేదంటూనే, పాత సవరణల్ని మాత్రం కదపకుండా ఈ తీర్పు ఇకముందుకే వర్తిస్తుందన్నారు. జడ్జి ఉన్న చట్టాన్ని కనుక్కుని చెబుతాడనుకుంటే ‘ఇకముందుకే’ అనడం ఎలా కుదురుతుంది? ఆ తీర్పుని ఒక పక్క, హార్ట్ 7వ అధ్యాయాన్ని ఇంకో పక్క పెట్టుకుంటే ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్‌కి సరిపోయే పని ఉంది.