వేరే గ్రహం మీద దిగిన మనవాళ్ళ మీదికి బల్లెం వచ్చే కథ ఎలా రాయాలి

అంతరిక్ష నౌక ఒక గ్రహం మీద దిగుతుంది, అక్కడివాళ్ళు బల్లేలు పట్టుకుని మీదికొస్తారు, మనవాళ్ళు లేజర్ గన్ తీస్తారు, పది లైన్లలో గొడవ అయిపోతుంది. సైన్స్ ఫిక్షన్ కొత్తగా రాస్తున్నవాళ్ళ కథల్లో ఈ సీన్ చాలాసార్లు చదివాను, దాదాపు ప్రతిసారీ కథ అక్కడే ప్రాణం పోగొట్టుకుంటుంది, ఎందుకంటే ఆ బల్లెం ఎందుకు విసిరారో రాసినవాళ్ళకే తెలియదు. "వాళ్ళు క్రూరమైన జాతి" అని ఒక వాక్యం పెట్టేసి ముందుకు వెళ్ళిపోతారు. నిజంగా మనుషుల చరిత్రలో ఇలాంటి ఎదురుపడటాలు ఎన్నో జరిగాయి, వాటిల్లో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా మొదటి బాణానికి ముందు ఒక కారణం, ఒక తేదీ కనిపిస్తాయి. కాబట్టి రాయడం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

కథ ఫైలు పక్కన ఇంకో ఫైలు తెరిచి, నౌక దిగిన రోజు నుంచి మొదటి బల్లెం పడిన రోజు దాకా స్థానికుల వైపు ఏం జరిగిందో రోజువారీగా రాసుకోండి. నౌక మంట ఏ పొలాన్ని కాల్చింది? మనవాళ్ళు నీళ్ళు తోడుకున్న చెరువు ఎవరిది? శాంపిల్ కోసం కోసుకొచ్చిన చెట్టు ఎవరి పూర్వీకుల గుర్తు? ఇదంతా కథలోకి రానక్కర్లేదు. కానీ మీకు తెలిసి ఉండాలి.

ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ సంగతి చూడండి. 1779 జనవరిలో ఆయన ఓడలు హవాయిలోని కెలకెకువా అఖాతంలో ఆగినప్పుడు అక్కడివాళ్ళ పండగ రోజులు నడుస్తున్నాయి, ఘనంగా ఆహ్వానించారు, వారాల తరబడి తిండి పెట్టారు. ఫిబ్రవరి మొదట్లో ఓడలు వెళ్ళిపోయాయి. దారిలో తుఫానుకు ఒక ఓడ ముందు స్తంభం విరిగింది, బాగుచేసుకోవడానికి మళ్ళీ అక్కడికే వచ్చారు. పండగ అయిపోయింది, వచ్చినవాళ్ళను చూసే తీరు మారిపోయింది. ఒక రాత్రి ఓడకు కట్టిన పడవ ఒకటి మాయమైంది, దాన్ని రాబట్టడానికి కుక్ ఏకంగా ద్వీపం రాజునే తన ఓడ మీదికి తీసుకెళ్ళి బందీగా ఉంచుకోవాలని చూశాడు. ఫిబ్రవరి 14న ఒడ్డు మీదే కుక్ చనిపోయాడు, ఆయనతో వచ్చిన సైనికుల్లో నలుగురు పోయారు. అదే జనం, అదే ఒడ్డు, మధ్యలో కొన్ని వారాలు. మీ కథకు కావలసిన బిగువంతా ఇందులో ఉంది: స్వాగతం, విరిగిన స్తంభం, తిరిగి రావడం, పోయిన పడవ, రాజు మీద చెయ్యి వేయడం. విలన్ అవసరమే రాలేదు.

బయటి ప్రపంచంతో కలవని జనం ఉండే అండమాన్‌లోని ఉత్తర సెంటినల్ దీవి ఇంకో రకం ఉదాహరణ. 1974లో డాక్యుమెంటరీ తీయడానికి వెళ్ళిన బృందంలో దర్శకుడి తొడలో బాణం దిగింది, 2004 సునామీ తర్వాత జనం ఎలా ఉన్నారో చూడటానికి వెళ్ళిన హెలికాప్టర్ మీద కూడా బాణాలు గురిపెట్టారు. ఇంతవరకే చెప్తే "ఊరికే చంపే జాతి" అనిపిస్తుంది. కానీ 1880లో ఒక బ్రిటిష్ అధికారి ఆ దీవి నుంచి ఆరుగురిని పట్టుకుని పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళాడు, జబ్బు చేసి పెద్దవాళ్ళిద్దరూ చనిపోయారు, నలుగురు పిల్లలను కొన్ని వస్తువులిచ్చి మళ్ళీ దీవిలో వదిలేశారు. ఆ పిల్లలు ఏం చెప్పి ఉంటారో, వాళ్ళతో ఏ జబ్బు దీవిలోకి వెళ్ళిందో ఊహించుకోండి. అదే దీవివాళ్ళు 1991 జనవరిలో మానవశాస్త్రవేత్త మధుమాల చటోపాధ్యాయ ఉన్న బృందం నుంచి నీళ్ళలోకి దిగి కొబ్బరికాయలు అందుకున్నారు. శత్రుత్వం వాళ్ళ ఒంట్లో పుట్టిన గుణం అయితే ఆ రోజు జరిగేదే కాదు. మీ గ్రహం మీద కూడా ఇంతకుముందు ఎవరైనా దిగారా, తరాల కిందట ఎవర్నైనా ఎత్తుకెళ్ళారా అని ఒకసారి ఆలోచించండి. మీ నౌకలోవాళ్ళకు తెలియని పాత నేరం ఒకటి ఉంటే కథ లోతు అమాంతం పెరుగుతుంది.

మనకు దగ్గర ఉదాహరణ కావాలంటే మన్యం ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గిరిజనులకు అడవి చట్టాలతో పోడు పోయింది, రోడ్డు పనుల్లో వెట్టి చాకిరీ మీద పడింది. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళారు. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో మాటు వేసి ఇద్దరు బ్రిటిష్ అధికారులను చంపారు. మన కథలవాళ్ళు తరచూ మరిచిపోయే విషయం ఇదే: అవతలివాళ్ళు మన ఆయుధాన్ని చూసి అలా నోరెళ్ళబెట్టి నిలబడిపోరు, దాన్ని లాక్కుంటారు, వాడటం నేర్చుకుంటారు, దాని మందుగుండు ఎక్కడ దాచారో కనుక్కుంటారు.

ఇప్పుడు నౌక సంగతి. చాలా కథల్లో ప్రమాదం రాగానే అందరూ పరుగెత్తి ఎక్కేసి ఎగిరిపోతారు. అంత తేలిక కాదు, ఆ కష్టాన్నే కథకు వాడుకోండి. భూమి చుట్టూ కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి, చంద్రుడి దగ్గర 1.7 చాలు. అందుకే అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద నుంచి ఐదు టన్నులకు లోపే ఉన్న చిన్న వాహనంలో పైకి లేచారు, భూమి మీద నుంచి బయల్దేరడానికి మాత్రం దాదాపు 2,900 టన్నుల రాకెట్ కావాల్సి వచ్చింది. మీ గ్రహం భూమి అంత ఉంటే, దిగిన నౌక తిరిగి లేవడానికి ఇంధనం అక్కడే తయారు చేసుకోవాలి, అంటే నెలల తరబడి ఒకే చోట కదలకుండా నీళ్ళు తోడుకుంటూ, కరెంటు పుట్టించుకుంటూ ఉండాలి. చుట్టూ ఉన్నవాళ్ళు రోజూ చూస్తుంటారు. మన సూర్యుడికి అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ దగ్గరే కథ జరుగుతోందనుకుందాం, అక్కడి నుంచి భూమికి "ఏం చేయమంటారు?" అని అడిగితే వెలుగు వేగంతో వెళ్ళే సందేశానికి జవాబు రావడానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. సాయం రాదు, సలహా కూడా రాదు. కుక్ ఓడలో విరిగిన స్తంభానికి మీ కథలో సాటి ఇదే.

ఆయుధాల లెక్క తప్పనిసరిగా వేయండి. ఎంతమంది, ఎన్ని తూటాలు లేదా ఎంత బ్యాటరీ, మళ్ళీ ఛార్జి ఎక్కడ? 1521 ఏప్రిల్ 27న స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మాగెల్లాన్ ఫిలిప్పీన్స్‌లోని మాక్టాన్ దీవి మీద దిగినప్పుడు ఆయనకు ఓడల్లో ఫిరంగులున్నాయి, ఒంటి మీద ఇనప కవచం ఉంది. తీరంలో లోతు లేక ఓడలు దగ్గరికి రాలేకపోయాయి, ఫిరంగి గుండ్లు ఒడ్డుకు అందలేదు. నీళ్ళలో నడిచి వచ్చిన యాభై మందిలోపు మనుషుల మీద ఆ దీవి నాయకుడు లాపులాపు మనుషులు వందల్లో వచ్చిపడ్డారు, కవచం లేని కాళ్ళకు గురిపెట్టారు. మాగెల్లాన్ అక్కడే చనిపోయాడు. 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా దగ్గర కూడా రైఫిళ్ళున్న బ్రిటిష్ శిబిరాన్ని ఈటెలు పట్టుకున్న జులూ సైన్యం ఒక్క పూటలో తుడిచిపెట్టింది. మీ స్థానికులు గెలవాలని నేను అనడం లేదు. కవచం ఎక్కడ లేదో వాళ్ళు వెతుకుతారు, ఆ చోటు ఏమిటో మీరు ముందే నిర్ణయించుకోవాలి. హెల్మెట్ గాజా, ఆక్సిజన్ పైపా, సోలార్ పలకలా?

"వెనకబడిన ప్రపంచం" అనే మాట దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. దక్షిణ అమెరికాలో సామ్రాజ్యం కట్టిన ఇంకా జనానికి చక్రాల బళ్ళు లేవు, ఇనుము లేదు. అయినా ఆండీస్ కొండల్లో వేల కిలోమీటర్ల రోడ్లు వేశారు, తాళ్ళకు ముడులు వేసి సామ్రాజ్యం లెక్కలన్నీ నడిపారు. కాబట్టి మీ గ్రహంవాళ్ళకు ఏం తెలియదో జాబితా రాసి ఆగిపోకండి, మనకంటే బాగా ఏం తెలుసో కనీసం ఒక్కటైనా కనిపెట్టండి, దాని మీదే కథ మలుపు తిప్పండి. గ్రహణం ట్రిక్కు మాత్రం వద్దు. 1504లో జమైకాలో కొలంబస్ చంద్రగ్రహణం వస్తుందని ముందే చెప్పి జనాన్ని బెదిరించి తిండి రాబట్టుకున్నమాట నిజమే, కానీ వానల కోసం, పంటల కోసం తరతరాలుగా ఆకాశం చూసే జనానికి గ్రహణాలు తెలియవనుకోవడం అన్యాయం. మన పంచాంగాలు దుర్భిణులు రాకముందు నుంచే గ్రహణం ఎప్పుడో లెక్కగట్టి చెప్తున్నాయి కదా.

గ్రావిటీ, గాలి, తిండి గురించి క్లుప్తంగా. బరువు భూమి కంటే 1.3 రెట్లుంటే 70 కిలోల మనిషి 91 కిలోల మనిషిలా కదులుతాడు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, అక్కడే పుట్టినవాళ్ళకు రాదు. అక్కడి పండు విషం కాకపోయినా మన ఒంటికి పట్టకపోవచ్చు, కాబట్టి తిండి నిల్వ తగ్గుతున్న కొద్దీ టెన్షన్ దానంతటదే పెరుగుతుంది. జబ్బుల మాట మరవకండి. చంద్రుడి మీద ప్రాణి లేదని దాదాపు తెలిసి కూడా అపోలో 11 వాళ్ళను దాదాపు మూడు వారాలు బయటివాళ్ళెవరినీ కలవనివ్వకుండా ఉంచారు.

భాష విషయంలో దయచేసి అనువాద యంత్రం పెట్టకండి. సెంటినల్ దీవికి వెళ్ళినప్పుడు పక్క దీవివాళ్ళైన ఓంగీలను వెంట తీసుకెళ్ళినా ఆ మాటలు వాళ్ళకే అర్థం కాలేదు. ఒకే గ్రహం మీద, పక్కపక్క దీవుల్లో ఇదీ పరిస్థితి. ఎదురుపడే సీన్ బలమంతా అర్థం కాకపోవడంలోనే ఉంటుంది, దాన్ని యంత్రంతో పారేసుకోవద్దు. నేనైతే ఇలా రాస్తాను:

ముసలావిడ మూడడుగులు ముందుకొచ్చి, కర్రతో నేల మీద గీత గీసి, అవతల కూర్చుంది. ఆమె వెనకున్నవాళ్ళు కూర్చోలేదు. "మేడమ్, గీత దాటొద్దంటోందా, దాటి రమ్మంటోందా?" అన్నాడు కిరణ్ వైర్‌లెస్‌లో. "కదలకు, చూస్తున్నా" అంది కెప్టెన్ రవళి నౌకలోంచి. ఈలోగా పొద్దున ఇచ్చిన దారి ప్రకారం సామాన్ల బండి తనంతట తాను కదిలి, కిరణ్ పక్కనుంచి వెళ్ళి, గీతను తొక్కుకుంటూ పోయింది.

ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు, కానీ బల్లెం వస్తుంది, చదివేవాళ్ళకు అది ముందే తెలిసిపోతుంది. ఆ తెలిసిన క్షణానికీ బల్లెం పడే క్షణానికీ మధ్య మీరు ఎంతసేపు ఆగగలిగితే అంత మంచిది. వేగంగా కొట్టుకోవడం రాయకండి, దూరాలు రాయండి: ఎవరు ఎన్ని అడుగుల్లో ఉన్నారు, ఎండ ఎవరి కళ్ళలో పడుతోంది, ఎవరి చేతిలో బరువుంది, వెనక్కి వెళ్ళే దారికి ఎవరు అడ్డంగా ఉన్నారు. మొదటి దెబ్బ తర్వాత మనవాళ్ళలో కనీసం ఒకరు కాల్చడానికి ఒప్పుకోకూడదు, ఇంకొకరు ఆగకూడదు. అసలు గొడవ అప్పుడు నౌక లోపల మొదలవుతుంది.

ముగింపుకు అందరూ చచ్చిపోవడం, అందరూ స్నేహితులైపోవడం రెండూ తేలిక దారులే. నాకు నచ్చేది మధ్యలో ఉండేది: వెనక్కి తగ్గడం, బందీని వదిలేయడం, చెరువు నీళ్ళకు బదులుగా ఏదో ఇచ్చే బేరం, లేదా నౌకనే వదిలేసి నడవడం. ఏది ఎంచుకున్నా మొదట రాసుకున్న ఆ రెండో ఫైలు తీసి, చివరి సీన్ వరకు స్థానికుల రోజులను పూర్తి చేయండి. అందులో వాళ్ళు చేసిన ప్రతి పనికీ కారణం కనిపిస్తే కథ ఎవరికైనా పంపవచ్చు. ఎక్కడైనా "ఎందుకో తెలియదు" అని ఖాళీ వదిలేయాల్సి వస్తే ఆ సీన్ మళ్ళీ రాయండి.