పెళ్లి లైవ్ ఆగి ఆగి వస్తోందా? స్పీడ్ కాదు, ప్యాకెట్ లాస్ చూడండి

ఫంక్షన్ హాల్లో స్పీడ్ టెస్ట్ పెడితే అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ చూపిస్తుంది. తీరా లైవ్ మొదలయ్యాక డాలస్‌లో ఉన్న మేనమామకి బొమ్మ గెంతుతూ వస్తుంది. స్పీడ్ టెస్ట్ మామూలుగా ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి కొలుస్తుంది. మధ్యలో ప్యాకెట్లు (డేటాను కోసి పంపే చిన్న ముక్కలు) పోతున్నా, అంటే ప్యాకెట్ లాస్ ఉన్నా, మొత్తం మీద అంకె బాగానే ఉంటుంది. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ నుంచి యూట్యూబ్‌కి ఆర్‌టీఎంపీలో (లైవ్ వీడియో పంపే పద్ధతి) వెళ్లేది మాత్రం ఒకే ఒక్క టీసీపీ కనెక్షన్. టీసీపీ అంటే ప్రతి ప్యాకెట్ చేరిందో లేదో చూసుకునే పద్ధతి. ప్యాకెట్ పోతే టీసీపీ దాన్ని మళ్లీ పంపుతుంది, పైగా లైను రద్దీగా ఉందనుకుని వేగం తగ్గించుకుంటుంది. ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి 50 మిల్లీసెకన్లు పట్టే లైనులో నూటికి ఒక్కటి పోయినా, ఆ కనెక్షన్ సుమారు 3 ఎంబీపీఎస్ దగ్గర చతికిలబడుతుంది. ప్లాన్ 100 అయినా అంతే.

ముందు లాస్ ఎక్కడుందో పట్టుకోండి. విండోస్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్‌లు తెరవండి. ఒకదానిలో రూటర్ అడ్రస్‌కి (ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1), రెండోదానిలో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో చూసే కమాండ్) పెట్టండి. రెండింటికీ మైనస్ టీ (-t, ఆపేదాకా పంపుతూనే ఉండమని) తగిలించి ఐదు నిమిషాలు వదిలేయండి. సెకనుకి ఒకటి చొప్పున 300 పింగ్‌లు వెళ్తాయి. నాలుగు పింగ్‌లు చూసి తీర్పు చెప్పకండి, ఒక శాతం లాస్ అందులో కనబడదు. కంట్రోల్ సీ నొక్కితే శాతం వస్తుంది. రూటర్ దగ్గరే పోతుంటే తప్పు వైఫైది: కేబుల్ వేయండి, 30 మీటర్ల క్యాట్-6 తీగ బ్యాగులో ఉండాల్సిందే. రూటర్ వరకు సున్నా ఉండి బయటే పోతుంటే లైనుది. అప్పుడు హాల్ వాళ్లతో మాట్లాడాలి, లేదా సిమ్ మార్చాలి.

ఈ పరీక్ష ఖాళీ హాల్లో మధ్యాహ్నం చేస్తే సగమే పనికొస్తుంది. ముహూర్తానికి ఐదారు వందల ఫోన్లు అదే టవర్ మీద పడతాయి. సిమ్ వేసే డాంగిల్ నమ్ముకున్నవాళ్లకి అసలు గండం అప్పుడే. వేరే కంపెనీ సిమ్ ఇంకొకటి సిద్ధంగా ఉంచుకోండి.

ఓబీఎస్‌లో స్టాట్స్ విండో తెరిచి పెట్టుకోండి. అందులో మూడు లెక్కలు ఉంటాయి, చాలామంది మూడింటినీ కలిపేస్తారు. నెట్‌వర్క్ డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరిగితేనే లైను సంగతి. రెండరింగ్ లాగ్, ఎన్‌కోడింగ్ లాగ్ పెరిగితే మీ ల్యాప్‌టాప్ అలసిపోతోంది. అప్పుడు ఎన్ని సిమ్‌లు మార్చినా లాభం లేదు.

నెట్‌వర్క్ డ్రాప్స్ ఒక శాతం దాటుతున్నాయంటే 1080పీ పట్టుకు వేలాడకండి. 720పీ, సెకనుకి 30 ఫ్రేమ్స్, బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) 2500 కేబీపీఎస్‌కి దిగండి. కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) 2 సెకన్లకి ఒకటి. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో బిట్‌రేట్‌ను దానంతట అదే తగ్గించే డైనమిక్ ఆప్షన్‌కి టిక్ పెట్టండి. యూట్యూబ్ వైపు లేటెన్సీ (చూసేవాళ్లకి చేరే ఆలస్యం) నార్మల్‌లో ఉంచండి. అల్ట్రా లో పెడితే చూసేవాళ్ల దగ్గర ముందే దాచుకునే వీడియో (బఫర్) తక్కువ, చిన్న అంతరాయానికే చక్రం తిరుగుతుంది. మాంగల్యధారణ కాస్త ఆలస్యంగా చూస్తే ఎవరికీ నష్టం లేదు.

తలంబ్రాల దగ్గర ఒక తిరకాసు ఉంది. గాలిలో బియ్యం, పూలరేకులు, థర్మాకోల్ పూసలు చిందుతుంటే ఫ్రేముకీ ఫ్రేముకీ పోలిక తెగిపోతుంది, 2500 చాలక బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది. అది లాస్ కాదు, బిట్‌రేట్ చాలకపోవడం. టీసీపీలో లాస్ ఉంటే బొమ్మ ఆగుతుంది, గెంతుతుంది, డైనమిక్ ఆప్షన్ బిట్‌రేట్ తగ్గిస్తే తప్ప గళ్లు పడదు. పింగ్ బాగుంటే బిట్‌రేట్ 4000కి పెంచండి, కానీ తలంబ్రాలు మొదలవకముందే: స్ట్రీమ్ ఆపకుండా మార్చగలరో లేదో మీ ఎన్‌కోడర్‌తో (వీడియోను కుదించే భాగం) ఇంటి దగ్గరే చూసుకోండి.

ఫిర్యాదు ఒక్కరి నుంచే వస్తే మీ సెట్టింగులు ముట్టుకోకండి. లోపం ఎక్కువగా ఆయన వైపే ఉంటుంది. క్వాలిటీ 480పీకి తగ్గించి చూడమనండి. అందరూ ఒకేసారి అంటేనే మీ వైపు వెతకాలి. ఇదంతా ఎలా ఉన్నా ఓబీఎస్‌లో రికార్డింగ్ కూడా నొక్కండి, ఎంకేవీ ఫార్మాట్‌లో. కరెంటు పోయి మధ్యలో ఆగినా అప్పటిదాకా వచ్చింది దక్కుతుంది.